విశ్రాంతి తరువాత

ఆదోనిలో చంద్రకళ టాకీసు.
ఆడవాళ్ళ గేటుకాడ టికెట్లు చింపేది మాయమ్మ, హుసేనమ్మ.
టికెట్టు లేనిదే కన్నబిడ్డనైనా లోపలికి వదలదు.
విశ్రాంతి అయినాక మాత్రం
మేనేజరు చెంచురెడ్డి లెక్కలు కట్టుకోను పోతాడు,
అప్పుడు కర్రతలుపు జానెడు తెరిచి
"పో, బెంచీ కొసన కూచో, నోరు మెదిపితే సంపుతా" అనేది.

అట్ల నాకు పద్నాలుగేండ్లు వచ్చేదాకా
ఏ సినిమా కూడా మొదలు కాలేదు.

నేను పోయేసరికే ఎవరో ఎవరినో మోసం చేసి ఉంటారు.
అన్నదమ్ములు అప్పటికే మాట్లాడుకోరు.
ఒకాయన కోటుకు భుజం మీద చిరుగు,
అది ఎట్ల చినిగిందో హాలంతా తెలుసు, నాకు తప్ప.
పక్కనామెను అడిగితే
బొరుగులు నములుతా "ష్" అంటది.

అందుకని రాసుకున్నా.

జిన్నింగు మిల్లునుంచి చిన్నాయన తెచ్చిచ్చిన పాత ఖాతా పుస్తకం,
ఎర్రగుడ్డ అట్ట, పుటల సందున దూదిపోగులు.
ముందుపక్క బేళ్ళు, మణుగులు, ఎవరి బాకీ ఎంతో.
వెనకనుంచి తిప్పితే
నేను చూడని మొదటి సగాలు.
కోటు చినిగింది రైలు తలుపులో అని రాసినా.
అన్నదమ్ములు విడిపోయింది ఒక గొర్రెపిల్లకాడ అని రాసినా.

మాయమ్మ రెండో ఆట అయినాక వచ్చి
కాళ్ళకు నూనె రాసుకుంటా వినేది.
ఆమె కూడా సినిమా చూసింది లేదు,
తలుపు ఇవతల నిలబడి విన్నది, ఇరవై ఏండ్లు.
"ఆడ వాన గాదే, పెనం మీద ఏదో సుయ్యిమనె."
"ఆ యమ్మి నిజంగా ఏడ్చలేదు. ఏడ్సేముందు ముక్కు ఎగబీలుస్తారు, నాకు ఇనపడలేదు."
ఆమె చెవులూ నా కండ్లూ కలిపినా
ఒక సినిమాకు ఇంకా కొంచెం తక్కువే.

ఒకదాంట్లో గోడ మీద ఫోటో, దండేసిన ముసలామె.
కొడుకు దాని ముందర నిలబడి ఒట్టు పెట్టుకుంటాడు, అంతే.
ఆమెకు పదకొండు పేజీల బతుకు రాసినా.
సుంకులమ్మ అని పేరు పెట్టినా.
వేరుశనక్కాయలు వలిచి వలిచి బొటనవేలి గోరు అరిగిన మనిషి,
నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి.

ఎండాకాలం మిల్లులో దూదిలో పుల్లలు ఏరి, తొలివారం కూలి.
అదే సినిమా మళ్ళీ వచ్చింది, అరిగిన ప్రింటు, తెరంతా గీతలు.
టికెట్టు తీసుకొనిపోయి
మాయమ్మ చేతికే ఇచ్చినా.
నా మొగం చూడలేదు. అందరిది చింపినట్టే చింపింది,
సగం తన డబ్బాలో, సగం నా చేతిలో.

పొగ తాగరాదు అనే స్లైడునుంచి చూసినా.
పేర్లన్నీ చూసినా, చిన్నచిన్న అక్షరాలవి కూడా వదలకుండా.
సుంకులమ్మ కోసం చూసినా.
పొయ్యికాడ లేదు. పెండ్లిపందిట్లో లేదు.
మంచంలో పడుకొని దగ్గుతా కూడా లేదు.
విశ్రాంతి అని పడింది.
రెండో సగంలో వచ్చింది, నాకు తెలిసిన గోడ మీదనే.
దండెయ్యను తెచ్చుకున్నారు ఆమెను.

ఆ రాత్రి కథ రాయలేదు.
పుటకు నడుమ గీత కొట్టినా.
జమ: కోటు చినిగే సీను. నా రైలు తలుపుకంటే బాగుంది, ఒప్పుకుంటున్నా.
జమ: చీకట్లో ఒక్క అగ్గిపుల్లను ఇద్దరి మొగాలు పంచుకోవడం.
ఖర్చు: ఒక ఆడమనిషి.

మాయమ్మ విని చానాసేపు ఊరకుండి
"కింద పేరు రాయి" అనింది.
"బాకీ రాసినోళ్ళు పేరు రాయల్ల."

ఇప్పుడు శుక్రవారం మొదటి ఆటకే పోతా,
తొలిపేరు పడేలోపల కూచుంటా, పుస్తకం ఒళ్ళో పెట్టుకొని.
రాసింది చదివి కొట్లాటకొచ్చేవాళ్ళూ ఉన్నారు. రానీ.
బెంచీలు పోయి కుర్చీలొచ్చినాయి.
విశ్రాంతి అయి దీపాలు ఆరినాక
తెర మీద ఎంత పెద్ద గొడవ జరగనీ
ఒకసారి తలుపుపక్క చూస్తా.
కొస కుర్చీలో మాత్రం
సంచి పెట్టను.