నూలు ముడి

సితరా రేవులో తెల్లవారితే
మొదట మెరిసేది నీళ్లు కాదు, ఇనుము.
ఒడ్డున బోర్లించిన గర్గూర్లు,
గుమ్మటాల్లాంటి తీగబుట్టలు.
లోపలికి తిరిగిన నోళ్లు వాటివి.
వెళ్లడం చేపకి చేతనవును,
రావడం చేతకాదు.
నాకూ అంతే, పదకొండేళ్లుగా.

వీళ్ల అక్షరాల్లో 'ప' లేదు.
పోలయ్య బోలయ్య అయ్యాను.
కొన్నాళ్లకి అదీ అరిగిపోయి
ఉత్త "రఫీక్" మిగిలింది.

ఆ రాత్రి హాజీ మెర్జా ఇంట్లో ఊరంతా కూడింది.
తివాచీ మీద పడవల ఆసాములు,
గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన, మేం.
మెర్జా ముసలాడు గహ్వా గిన్నె దించి
వాళ్ల తాత రోజులు చెప్పాడు:
సముద్రం అడుగున మంచినీటి ఊటలుండేవట.
తోలుతిత్తితో మునిగి నింపుకొచ్చేవారట.
పోటు తగ్గితే మోకాటిలోతున నడిచి
ఈతమట్టల దడిలో సాఫీలు ఏరుకునేవారట.
ఇప్పుడు ఇసుక తోడే ఓడలు గడ్డిని మింగేశాయి.
మిగిలింది ఒక్క మడి,
పాత దీపస్తంభానికీ ఎర్ర బోయాకీ మధ్యన.
"సాఫీ గుడ్లు పెట్టే రెండు నెలలూ
అక్కడ ఎవడూ ఏమీ దించొద్దు.
సర్కారు చెప్పిందని కాదు. మనం అనుకున్నాం గనక."

తలలు ఊగాయి.
నా తల ఊగలేదు.
మాకు జీతం లేదు, పాలే.
పడవకి సగం, పెట్రోలు పోగా మిగిలినది ముగ్గురికి.
రెండు నెలలు గడ్డికి సెలవైతే
బారువలో మా చెల్లాయి కిస్తీకి సెలవిస్తారా?

"గుమ్మం దగ్గర వాళ్లేమంటారు?"
అడిగింది మెర్జాయే.
పదకొండేళ్లలో మొదటిసారి
నా నోరు నాకే కొత్తగా తగిలింది.

పాలు గురించే అందామనుకున్నాను.
ముందు బుట్టల మాట వచ్చేసింది:
"తాడు తెగి అడుక్కి పోయిన గర్గూరు ఊరుకోదు బాబా.
లాగేవాడు లేకపోయినా పడుతూనే ఉంటది.
చచ్చిన చేప ఎర, దానికి ఇంకో చేప.
తలుపు తీగతో కట్టకండి, నూలుతో కట్టండి.
పక్షం రోజుల్లో కుళ్లి తెగుద్ది.
ఇనుముకి మరుపు లేదు.
నూలుకుంది."

ఎవడో నవ్వాడు.
మెర్జా నవ్వలేదు. చొక్కా గుండీ దారం
వేలికి చుట్టి లాగి చూశాడు.
ఆ తర్వాత పాలు సంగతి కూడా అడిగాను.
అరగంట గొడవ. పావు వంతుకి తెగింది.
కాపలా మాత్రం మాకే పడింది,
ఆసాములకి నిద్ర కావాలి కదా.

పంతొమ్మిదో రాత్రి, చంద్రుడు లేడు.
ఎర్ర బోయాకి ఇవతల
దీపం ఆర్పిన పడవ ఒకటి.
టార్చి వేస్తే
వల దించుతూ దానేసు.
మా పక్కూరోడు. కిందటేడు వచ్చాడు.
"ఆసామి దించమన్నాడన్నా.
దించకపోతే కాగితాలు ఇవ్వనన్నాడు."

ఏమీ అనలేదు.
అతని పడవలోకి దాటి రెండో కొస పట్టుకున్నాను.
ఇద్దరం లాగాం.
కడుపులు నిండిన సాఫీలు.
ముల్లు గుచ్చుకుంటే మోచేతిదాకా మంట.
ఒక్కొక్కటే విడిపించి నీళ్లలో వదిలాం,
పసిబిడ్డ వేళ్లలోంచి జుట్టు విడిపించినట్టు.
పదో పదిహేనో తేలిపోయాయి.
వాటి వైపు చూడలేదు.

పొద్దున మెర్జా దగ్గర పడవ నంబరు చెప్పాను.
ఆసామి పేరు చెప్పాను.
"పడవలో ఎవరు?"
"చీకటి, బాబా."
ముసలాడు నా చేతి వాపు చూశాడు.
చాలాసేపే చూశాడు.
లోపలికెళ్లి వేడినీళ్ల గిన్నె తెచ్చి
ముంచమన్నాడు.
"బోలయ్యా" అన్నాడు.

ఆ ఆసామి బుట్టలు నెల్లాళ్లు
రేవు గోడకి వేలాడాయి, ఊరు చూసేలా.
దానేసు వేరే పడవెక్కాడు.
పావు వంతు ఇంకా చేతికి రాలేదు.

ఇప్పుడు సాయంత్రాలు
బుట్ట తలుపులకి నూలు కడుతున్నాను.
గట్టిగానే కడతాను,
తెగడానికే.