కుడివైపు స్టీరింగు

పైసాందులో జూలై చలి. రేకుల షెడ్డు.
ఏ భాగం విప్పి ఎక్కడ పెట్టాలో
దార్దో నేలమీద చాక్‌పీసుతో గీస్తున్నాడు.
నేను లెక్కలదాన్ని. మోకాళ్లమీద రూళ్ల నోటుబుక్కు:
రేడియేటరు, ఛాసిస్‌కి ఇసుక కొట్టించడం,
తలుపు రబ్బర్లు, మాంటెవీడియోలో ఉన్నాయట.
దొరకనివాటి పేజీ
అప్పుడే నిండిపోయింది.

ముప్ఫయ్యేడు నాటి హిల్‌మన్.
సీటులో ఎలకలు ఎన్ని తరాలు కాపురం చేశాయో.
అడుగు రేకు వేలితో నొక్కితే అప్పడం.

"కొత్తదానిలా కాదు, అసలుదానిలా" అంటాడు దార్దో.
అసలుదంటే
స్టీరింగు కుడివైపుండాలి మరి.
నలభై అయిదులో
దేశం దేశమంతా ఒక్క తెల్లారేసరికి
రోడ్డుకి ఎడమనుంచి కుడికి జరిగాక
తాతయ్య తనే కోసి, తనే అతికి
దాన్ని ఇటు మార్చాడు.

టార్చి పట్టుకున్నాను. డాష్‌బోర్డు వెనక
ఆ అతుకు: వంకరటింకర, పూసలు పూసలుగా,
ఒకచోట ఊపిరి బిగబట్టి వదిలినట్టు.
"పని తెలీదు పాపం" అన్నాడు
ముప్ఫయ్యేళ్ల వెల్డరు,
గ్లవ్ తీసేసి దానిమీద వేలు నడిపిస్తూ.

మాతే బుర్ర చేతులు మారింది. నీళ్లు చల్లారాయి.
ఏ ఏటికి తీసుకెళ్లాలి దీన్ని?
ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుకా,
తాతయ్య దీన్లో కోళ్లు తోలుకెళ్లి అమ్మిన ఏళ్లకా?

నోటుబుక్కులో స్టీరింగుకి ఎదురుగా
ఖర్చు వెయ్యాల్సిన గడి.
దార్దో పెన్సిలు అడిగాడు.
అంకే వెయ్యలేదు, కొట్టేయనూ లేదు.
చెవి వెనక దోపుకుని
"ముందు ఎలకల సంగతి చూద్దాం" అన్నాడు.