కూసుండే బండి

రాత్రి నిలబెడితే పొద్దుగాలకు కూసుంటది.
ముందుగాల ఎడమ కాలు, ఎనుక కుడిది,
ఈనబోయే బర్రె లెక్క
రేకుల షెడ్డు కింద మెల్లగ ఒరుగుతది.
మీటర్ల పసుపు గుర్తు వెలిగి
ఏందో జర్మనీ మాట చెప్తది.

ఇది నేను కొన్న బండి కాదు.
ఇబ్రహీంపట్నం దిక్కు వెంచర్ల
ముప్పయ్యారు బోర్లేసిన,
ఇరవైతొమ్మిది ఫెయిలు.
సేటు కాడ పైసల్లేవు, తాళంచెవి ఉన్నది.
"కొన్ననాడు ఎనభై లక్షలు తెలుసా" అన్నడు.
కొన్ననాటి ధర చెప్పేటోడు
ఇచ్చేనాటి రోగం చెప్పడు.

చండూర్ల దీన్ని చూసి
మొదటి వారం అందరు జరిగి దారిచ్చిన్రు.
రెండో వారం తోసిన్రు.

హైదరాబాద్ షోరూమోడు మెత్తటి సోఫాల కూసోబెట్టి
కాఫీ తాగిచ్చి కాయిదం చేతిల పెట్టిండు:
ఒక్క గాలిబుగ్గకు లక్షా డెబ్బైవేలు,
మారిస్తే జోడీగ మార్చాలె సార్.
కప్పు ఆడనే పెట్టి లేసిన.
లేవనీకి రెండు నిమిషాలు పట్టింది,
వాడు గోడ దిక్కు చూసుకుంట నిలబడ్డడు.

మా మదార్ ట్రాక్టర్ల మెకానిక్.
చేతులు బనీనుకు తుడుసుకొని సుట్టూ తిరిగిండు,
ఫోనుకు వైరు గుచ్చి అంకెలు చదివిండు,
"ఇది అబద్ధాలు చెప్తున్నదన్నా" అని పీకేసిండు.
బకెట్ల సర్ఫు నురుగు తెమ్మన్నడు.
చక్రం సందుల తల దూర్చి
పసిపిల్లకు నలుగు పెట్టినట్టు పూసుకుంట పోయిండు.
షెడ్డుల ఎవరం ఊపిరి తీయలే.
ఎడమ దిక్కు, అతుకు కాడ
ఒక బుడగ.
పగిలింది.
ఇంకోటి.

రబ్బరు రింగు. అంతే.
డ్రిప్పు పైపుల సామాను డబ్బా గుమ్మరిస్తే
సరిగ్గ అదే సైజుది దొర్లుకుంట వచ్చింది.

పన్లపని రేడియేటరు ఇప్పిండు.
లోపల తెల్లటి పెచ్చు, గట్టిగ,
గీకితే గుల్లలు గుల్లలుగ రాలింది.
"ఏం నీళ్లు పోసినవే?"
మన బోరు నీళ్లే.
"మన నీళ్లా" అని
నా మోకాళ్ల దిక్కు చూసి ఊకున్నడు.
వాని పండ్ల మీద సుత ఆ గోధుమరంగు గీతలే,
నవ్వితే ఇద్దరం ఒక్క బోరు పిల్లలమే.

మర్రిగూడ కాడ మా నాయిన ఏసిన బోరు అది.
పదారేండ్లు తాగిన.
ఇరవైకి మెడ పట్టింది,
ముప్పైకి మోకాళ్లు వంగుడు మర్సినయి.
అయినా నేను చేసింది ఏం పని?
ఊరూరు రిగ్గు తిప్పుకుంట
వెయ్యి ఫీట్లు, పన్నెండొందల ఫీట్లు,
ఆ నీళ్లున్న లోతుకే దించి
పైసలు లెక్కవెట్టుకున్న.
ఈ మాట మదార్‌తోని అనలే.

డిస్టిల్డ్ నీళ్లు రెండు క్యాన్లు తెచ్చి
కూలెంట్ల కలిపి గరాట పెట్టి పోస్తుంటే
నడుమల చెయ్యి ఆగింది.
ఒక బండికి, ఇంత పైలంగ.
సర్లే.
పోసిన, మూత బిగిచ్చిన.

తెల్లారి చూస్తే నిలబడే ఉన్నది,
నిటారుగ, షెడ్డు రేకులు తాకేటట్టు.
మీటర్ల ఏ గుర్తు లేదు.
ఖుషీగ పోయి తలుపు తీసిన.
ఎక్కరాలే.
కడ్డీ పట్టుకొని కాలు లేపిన,
మెట్టు జానెడు పైన ఆగిపోయింది.
ఇంకోసారి లేపిన.

రెండేండ్లు దీన్ని తిట్టిన.
రోజూ పొద్దున
ఎవరి చెయ్యి పట్టకుండ ఎక్కింది మాత్రం
ఎన్నడు యాదికి పెట్టుకోలే.

కిందికి దించే బటనొకటి ఉంటదంట,
అది నాకంటె ముందే చచ్చిందంట.
మదార్ చెల్లెలి కొడుకు బాలిగాన్ని పిలిచిన,
వాడు వంగగలడు గనక.
"ఆ ఎడమ దిక్కుది
ఒక్క సుట్టు వదులు చెయ్‌రా."
"మళ్ల లీకైతది గదనే."
"కానీ."

స్స్ అన్నది.
పోరడు నన్ను చూసిండు, దాన్ని చూసిండు.
మెల్లగ, ముందుగాల ఎడమ కాలు.

ఎక్కి తాళం తిప్పిన.
పసుపు గుర్తు వెలిగింది.
వెలగనీ.