పదో ముక్క

సోమవారం ట్యాంకర్ రాలేదు,
మంగళవారం పొద్దున్నా రాలేదు.
లింగరాజపురంలో ఈ అద్దింట్లో మా దగ్గరున్నవి
రెండు డ్రమ్ముల నీళ్ళు, ఓ పాత టూత్ బ్రష్షు,
రేపు పొద్దు గూకేలోగా గీకి తీరాల్సిన
ఏడాది వంట.

సముద్రం చీలి దారిచ్చిందని
ఏటా చెప్పుకునేవాళ్ళం.
కొళాయి తిప్పితే గాలి దగ్గింది.

ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో
తిర్సా పుట్టినరోజు కేకు రంగు ఇంకా ఉంది.
టోస్టర్ బోర్లించి వీపు తడితే
చిన్న ఎడారి రాలింది.

ఇడ్లీ పిండి దగ్గర మాత్రం ఏటా తగవే.
గోధుమా కాదు, బార్లీ కాదు,
బియ్యమూ మినప్పప్పూ, తప్పేముంది అంటుంది యెమీమా,
పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపిస్తుంది.
పుస్తకం ఆమె పక్షమే.
మా నయోమమ్మ నానమ్మకి చదువు రాదు.
తెనాలి కాలవ గట్టు మీద గుడిసెలో
కుండ మూత తీసి ముక్కుతో చదివేది:
"పొంగిందా, ఇక బైటికి పోవాల్సిందే.
పారిపోయేవాళ్ళకి పిండి పులిసేదాకా
ఆగే తీరికెక్కడిదిరా అబ్బాయ్?"
అందుకే వీధంతా దోసెలు చుర్రుమంటున్న ఎనిమిది రోజులూ
మేం నోరూరితే మాట మారుస్తాం.

గోధుమపిండి, సేమ్యా, రవ్వ, సగం తిన్న బిస్కెట్లు
మూటగట్టి మేడ మీది చంద్రక్కకి
రూపాయికి అమ్మేశాం.
రసీదు చూసి నవ్వింది:
"పండగయ్యాక తిరిగివ్వనంటే?"
"మీదే" అన్నాను.
వేళాకోళం కాదు, నియమమే అది.
ఆవిడ ఆ మూటని ఒక్క క్షణం కొత్తగా చూసింది.
తర్వాత, అడక్కుండానే,
సంపు తాళంచెవి నా చేతిలో పెట్టింది.

మునగ వేరు తురుముతూ
యెమీమా కళ్ళు మండి తిట్టుకుంటోంది.
నేను ఖర్జూరాలు ఉడికించి పిసుకుతున్నాను.
ఇటుకల అడుసు రంగు రావాలి.
ఆ రంగు నాకు తెలుసు.
హోస్కోటె అవతల బట్టీలో
మా నాన్న తొమ్మిదేళ్ళు ఆ రంగులోనే ఉన్నాడు,
గోళ్ళ సందుల్లో, చెవుల వెనక,
దగ్గినప్పుడు రుమాల్లో.
అడ్వాన్సు తీరలేదని మేస్త్రీ పండక్కి పంపని ఏడు
ఐగుప్తు ఎక్కడుందని అడిగాను.
నానమ్మ పొయ్యి ఊదుతూ,
"బస్సుకి రాత్రంతా పడుతుంది" అంది.

రాత్రి లైట్లార్పి కొవ్వొత్తి వెలిగించాం.
కోడి ఈక, చెక్క గరిటె.
తిర్సా కాగితంలో చుట్టి దాచిన రొట్టె ముక్కలు పది.
బూట్ల అరలో ఒకటి,
కుట్టుమిషను సొరుగులో రెండు,
నా హెల్మెట్‌లో, కరెంటు మీటరు మీద,
అలా తొమ్మిది.
పదోది ఎక్కడ పెట్టిందో
ఆరేళ్ళ పిల్లకి గుర్తులేదు.
గుర్తులేదన్నప్పుడు
మేకుకి వేలాడే నాన్న చొక్కా వైపు చూసింది.

ఆ చొక్కాని ఉతకం.
జేబు కొంచెం ఉబ్బుగా ఉంది.
ఈక పట్టుకుని ముందే నిలబడ్డాను.
మైనం నా వేలి మీద కారింది.

చివరికి చెప్పాల్సిన మాటే చెప్పాను,
నేను చూసినదీ చూడనిదీ
ఈ ఇంట్లో పులిసినదంతా
ఎవరిదీ కాని నేల ధూళి అయిపోవాలని.
యెమీమా నన్ను చూసింది, చొక్కాని చూసింది,
కొవ్వొత్తి ఆర్పేసింది.

పొద్దున పాత పెయింటు డబ్బాలో
తొమ్మిది ముక్కలు కాల్చాను.
సందు మలుపులో ట్యాంకర్ హారన్.
బిందెల కోసం లోపలికి పరిగెత్తితే
మేకు మీంచి గోడ వెంట చీమల బారు,
ఒక్కోటీ నెత్తిన తెల్లటి పొడి పెట్టుకుని
గడప వైపు
తొందర తొందరగా.