పదకొండో వారం

మే నెల సగం దాటినా విలా దో కొందెలో వాన ఆగలేదు.
దెయొలిందా గొడుగు తనే ముడిచి
కోటు గుండీలు తనే విప్పుకుని
నా ఎదురుగా కూర్చుంది.
మార్చిలో ఆ గుండీలు విప్పింది నేను.

"చూడు," అని వేళ్లు ముడిచింది, చాచింది.
లేసు దిండు మీద నలభై రెండు కండెలూ
మళ్లీ టకటకలాడుతున్నాయట.
దారం మళ్లీ మాట వింటోందట.

మొదటి రోజు డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు:
కణం గడపలో ఒక ఎంజైమ్,
బయట వినబడ్డ కేకను
లోపలి గదికి మోసుకెళ్లే కుర్రాడు.
ఈ మాత్ర వాడి నోరు నొక్కుతుంది.
"వాడు మోసేవన్నీ అబద్ధపు కేకలేనా?"
ఆవిడ అప్పుడే అడిగింది.
ఆయన పెన్నుకు మూత పెట్టాడు.
నిజంవి కూడా, అన్నాడు.

నా కాగితం మీద పన్నెండు ప్రశ్నలు.
జ్వరం? లేదు.
రాత్రిపూట చెమటలు? లేదు.
సర్పి?
పోయిన నెల నడుం చుట్టూ వచ్చింది, మండింది, పోయింది.
వానాకాలపు చుట్టంలా చెప్పింది ఆ సంగతి.
పిక్కలో నొప్పి?

కిటికీ వైపు తిరిగింది.

గుమ్మం నుంచి కుర్చీ దాకా తడి అడుగులు.
కుడిది నిండుగా ఉంది.
ఎడమది మునివేళ్లే.

"రాయకు," అంది.
"రాస్తే ఆపేస్తారు.
ఆపితే ఈ చేతులు మళ్లీ
బుట్టలో పడ్డ పీతలు.
నాది కూర్చుని చేసే పని,
కాలుతో నాకేం పని?"

కంచే చేను మేస్తుంటే
కంచెకు మత్తు పెట్టాం.
చేను పచ్చబడింది, కాదనను.
రాత్రి ఎవరు జొరబడ్డారో
ఇక చేనే చెప్పాలి.
చేనే నోరు కుట్టుకుంటే?

వంగి మేజోడు కిందికి జరిపాను.
పిక్క వేడిగా, రొట్టెపిండి ఎండినట్టు గట్టిగా ఉంది.
ఊపిరి ఎలా ఉందని అడగబోయి
ముందు ఆవిడ ఛాతీనే చూశాను.

"ఉంది" అని రాయబోయేసరికి
ఆవిడ చెయ్యి నా మణికట్టు మీద పడింది.
అబ్బ, ఏం పట్టు!
మందు పనిచేస్తోందనడానికి
ఇంతకు మించిన రుజువు
పదకొండు వారాల్లో నాకు దొరకలేదు.
దాన్ని ఏ గడిలో రాయాలో కాగితంలో లేదు.

విడిపించుకోలేదు నేను.
ఎడమ చేత్తో
స్కాన్ గదికి ఫోన్ చేశాను.