గోడలో అడవి

గుణుపురం కలప డిపోలో
నా పని దుంగలకి నెంబర్లు రాయడం.
నల్ల తారు, అరిగిన కుంచె.

పుట్టాసింగి అవతల, కొండ మీద,
ఒండియా శబరో ఇంట్లో
ఎర్రమట్టి గోడ ఇంకా తడిగానే ఉంది.
నమిలిన వెదురుపుల్ల బియ్యప్పిండిలో ముంచి
అతనూ రాస్తున్నాడు.
ముందొక చదరం. అది ఇల్లట.
ఆ ఇంటి లోపలే అడవంతా.

ఇప్పచెట్టు, కొమ్మకి వేలాడే కోతులు,
జీలుగుకల్లు దించే మనిషి,
నిరుడు జ్వరంతో పోయిన మేనత్త
దువ్వెనతో సహా.
మొన్న కలలోకొచ్చి
నెమలి కూడా కావాలందట. వేశాడు.

కింద మూలన
కుర్చీ మీద ఒక టోపీ,
చేతిలో పుస్తకం.
"ఇతగాడెవుడు?"
"నువ్వే బాబూ."
కల్లు దొప్ప నా చేతికిచ్చి అన్నాడు:
"పెద్దలొచ్చి సూత్తారు గదా.
గుగ్గిలం సెట్లేవిరా అంటే
ఎవుల్నడగాల?"

కోపం లేదు ఆ గొంతులో.
కల్లు పులిసింది. తాగాను.

సోమవారం డిపోలో
నాలుగొందల పన్నెండో దుంగ ముందు
తారు కుంచెతో కూచున్నాను.
కోసిన మొహం మీద
వలయాలు లెక్కపెడుతున్నాను వేలితో.
అరవై దాటాక
లారీ హారన్ కొట్టింది.
ఎక్కడున్నానో మర్చిపోయాను.