కవ్వళ్ళ సంవత్సరం

మన రాష్ట్రం గురించి రెండు పేజీలు రాసుకు రమ్మన్నాడట మేష్టరు.
పెన్సిల్ చివర కొరుకుతూ వనిత నా పక్కన చేరింది.
ఇంట్లో వనిత. బడి రిజిస్టరులో బనిత.
వ పలకని ఊళ్ళో మాకిదేం కొత్త కాదు,
నేను వీరన్నని, రేషన్ కార్డులో బీరన్నని.
తాగనోడికి ఆ పేరేంట్రా అని
సూరత్‌లో ఉన్న మా బావమరిది ఒకటే నవ్వు.

వేట లేదు. తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలలు.
గోపాలపురం ఒడ్డున పడవలు తాటాకులు కప్పుకుని పడుకున్నాయి.
నేను వల బాగుచేసుకుంటున్నాను.
అయ్యా, మన తీరం ఎలా ఉంటాది? అంది,
నీలం పెన్సిల్‌తో తిన్నగా ఒక గీత లాగి.

తిన్నగా ఉండదే గుంటా.
రుషికుల్య నోరు ఏటేటా పక్కకి జరుగుతాది,
నిరుడు ఇసక తిన్నె ఉన్న చోట
ఈ ఏడు మొలలోతు నీళ్ళు.
మా పాతపేట రామమందిరం అరుగు మీద
ఇప్పుడు పీతలు తిరుగుతున్నాయి.
రబ్బరుతో చెరిపింది. మళ్ళీ గీసింది.
మళ్ళీ చెరిపింది. కాగితం చిరిగింది.
భూగోళం అయిపోయింది, అంది.

చరిత్ర.
దీపస్తంభం దగ్గర కూలిన గోడలున్నాయి కదా,
అక్కడ రంగం వెళ్ళే స్టీమరు ఆగేదని రాయి.
ఒడ్డుకి రాదు, కెరటాలంటే భయం దానికి.
జనాన్నీ, గోనెల్నీ, ఒకసారి ఒక దొరసాని పియానోనీ
అలల మీంచి పడవలో దాటించాడు మా ముత్తాత.
పియానో తడిసిందా?
తడిసిందనే చెప్పేవాడు మా తాత. కూలి సగమే ఇచ్చారట.
ముప్పైయారులో రాష్ట్రం కొత్తగా ఏర్పడి
ఇచ్ఛాపురం అటూ మేము ఇటూ అయిపోయినప్పుడు
ఏం జరిగింది తాతా అని నేనూ అడిగాను చిన్నప్పుడు.
చాలాసేపు చుట్ట పీల్చి
ఆ ఏడు కవ్వళ్ళు బాగా పడ్డాయిరా, అన్నాడు.
అదే రాసుకుంది.

భట్టీలో పూలు దింపి దాలెమ్మ వచ్చిందప్పుడే.
తెల్లారకముందే మొగలిపొదల్లో దూరిన చేతులు,
ఒక్కో గీరా ఒక్కో పువ్వు ధర.
అత్తరు సీసాలకెక్కి ఎక్కడెక్కడికో పోతుంది,
మా ఇంటికొచ్చేది తన జాకెట్టుకి అంటిన వాసనొక్కటే.
నా దగ్గర ఎండుచేపల వాసన.
ఒకే చాప మీద రెండూ పడుకుంటాయి,
కలవవు, పోట్లాడుకోవు.

సూరత్ నుంచి ఫోన్. చుట్టూ మగ్గాల మోత,
ఒక్క మాటా వినపడలేదు నాకు.
డబ్బులు వేశాడు, అంది దాలెమ్మ.
ఎలా తెలుసు?
గొంతు ఎత్తుగా ఉంది.

నల్ల ఇసక సంగతి రాయాలా అయ్యా?
కంపెనీవాళ్ళు జల్లించి పట్టుకుపోయేది?
రాయి. అందులో ఏముందని అడిగితే
విలువైనది ఉందన్నారని రాయి.
అంతకన్నా నాకు తెలీదు.

సంస్కృతి దగ్గరకొచ్చేసరికి దానికి నిద్రొచ్చేసింది.
గైడులోంచి కోణార్కం చక్రం కత్తిరించి
పఖాళం గిన్నెలోని మెతుకుతో అంటించింది.
గోడ మీద జగన్నాథుడి గుండ్రటి కళ్ళు,
కింద గంగమ్మకి పసుపు బొట్లు,
మధ్యలో మేకుకి, తుఫాను తరవాత ఎవరో పంచిన లైఫ్ జాకెట్టు.
ఇదంతా రాయాలని దానికి తోచలేదు. నాకూ తోచలేదు.

ఇవాళ పుస్తకం తిరిగొచ్చింది.
పదికి ఆరు. చిరిగిన పేజీకి ఒక మార్కు కోత.
ఒడియా అక్షరాల మధ్య ఒక్క మాట కింద ఎర్రగీత.
ఒడియాలోనే, గుండ్రంగా రాసింది: కవ్వళ్ళు.
మేష్టరుది కొరాపుట్ కొండలు, సముద్రం చూసి రెండేళ్ళే.
ఇదేం మాట, తప్పు రాశావా? అన్నాడట.
చేప సార్.
ఒడియాలో ఏమంటారు?
మా వీధిలో ఇలాగే అంటాం సార్.
అయితే ఒకటి పట్రా, చూస్తాను.
నిషేధం ఎత్తేదాకా ఆగాలి సార్, అందట,
జూన్ వెళ్ళాక.

వలలో తెగిన కన్ను ఇంకొకటి కనిపించింది.
కట్టాను.